ముందు పుస్తకాల చిట్టా, తరువాతే రీడరు

మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయ్యాక, పాత పుస్తకాల్లోని సన్నటి అక్షరాలు చదవడం ఆయనకు కష్టమైంది. అప్పుడు నేనొక ఆరంగుళాల ఈ-రీడర్ కొన్నాను. ఆయనకు ఇష్టమైన పాత పుస్తకాల స్కాన్ కాపీలు ఓ నలభై వెతికి అందులోకి ఎక్కించి చేతికిచ్చాను. పది నిమిషాలు చూసి, "చీమల బారులా ఉన్నాయిరా అక్షరాలు" అని కళ్లజోడు తీసేశారు. మర్నాడు నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. మూడో రోజు నుంచి అది చాన్నాళ్లు బీరువాలోనే ఉండిపోయింది.

ఆ పరికరం మంచిదే. ఇంగ్లీషు నవలలు చదువుకోవడానికి నేనిప్పటికీ దాన్నే వాడుతున్నాను. కొనేముందు తెలిసినవాళ్లందరినీ "ఏ రీడర్ మంచిది?" అని అడిగాను. నాన్న ఏం చదువుతారు, ఆ పుస్తకాలు ఏ రూపంలో దొరుకుతాయి అని మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఈ అధ్యాయంలో నేను మీచేత చేయించాలనుకుంటున్నది ఆ ఆలోచనే. దుకాణం గడప తొక్కకముందు, ఫోన్‌లో మోడళ్లు పోల్చి చూడకముందు, ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని అది.

ఒక కాగితం తీసుకోండి. గత ఏడాదిలో మీరు నిజంగా చదివిన పుస్తకాలు పది రాయండి. చదవాలనుకున్నవి కాదు, చదివినవి. వాటి కింద, వచ్చే ఏడాదిలో చదవాలని గట్టిగా అనుకుంటున్నవి మరో పది. ఇప్పుడు ఒక్కో పేరు పక్కన అది డిజిటల్ రూపంలో దొరుకుతుందో లేదో, దొరికితే ఎక్కడ, ఏ రూపంలో అన్నది రాయండి. దీనికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రం వేల రూపాయలు మిగులుస్తుంది.

తెలుగువాళ్ల చిట్టా సాధారణంగా మూడు కుప్పలుగా విడిపోతుంది. వీటి తేడా తెలియకపోతే రీడరు ఎంపిక గుడ్డిగా సాగుతుంది కాబట్టి, ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం.

మొదటి కుప్ప ఈ-పబ్ పుస్తకాలు. ఇందులో ఉండేది అక్షరాల ప్రవాహం. తెర ఎంత ఉంటే అంతలో వరసలు వాటంతటవే సర్దుకుంటాయి. అక్షరం సైజు పెంచితే పేజీల సంఖ్య పెరుగుతుంది, అంతే. కిండిల్ కొట్లో అమ్మే ఇంగ్లీషు పుస్తకాలు పేరుకు వేరే ఫార్మాటైనా స్వభావంలో ఇవే. తెలుగులో ఇలాంటివి ఉచితంగా కావాలంటే వికీసోర్స్‌కు వెళ్లాలి. అక్కడ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు పాత పుస్తకాలను పేజీ పేజీ టైపు చేసి, తప్పులు దిద్ది పెడుతున్నారు. గురజాడ 'కన్యాశుల్కం', సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' లాంటివి అలా వచ్చినవే. పుస్తకం పేజీలోనే ఈ-పబ్‌గా దించుకునే సౌకర్యం ఉంది. మన దేశంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్లు నిండితే కాపీరైటు తీరిపోతుంది. అందుకే 1961లో కన్నుమూసిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రచనలు 2022 జనవరి నుంచి అందరివీ అయ్యాయి. చలం, కుటుంబరావు, విశ్వనాథ రచనలకు ఆ గడువు ఇంకా రాలేదు.

రెండో కుప్ప డీటీపీ చేసిన పిడిఎఫ్‌లు. మన ప్రచురణకర్తలు ఎన్నో ఏళ్లుగా పేజ్‌మేకర్ వంటి సాఫ్ట్‌వేర్లలో, అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో పుస్తకాలు తయారుచేశారు. ఆ పాత ఫాంట్ల పద్ధతిలో కంప్యూటరు లోపల ఉండేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన ఏర్పాటు అది. కాగితం మీద అచ్చు వేసుకోవడానికి ఏ లోటూ లేదు. కానీ దాన్ని ఈ-పబ్‌గా మార్చాలంటే అసలు తెలుగు అక్షరాలుండే యూనికోడ్‌లోకి తిప్పి, మళ్లీ ప్రూఫులు దిద్దుకోవాలి. ఆ శ్రమ, ఆ ఖర్చు భరించలేక చాలామంది పిడిఎఫ్‌తోనే ఆగిపోయారు. పిడిఎఫ్ అంటే అచ్చు పేజీ ఫోటో లాంటిది. తెర చిన్నదైతే పేజీ మొత్తం కుంచించుకుపోతుంది తప్ప వరసలు సర్దుకోవు.

మూడోది స్కాన్లు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసినవి, ఇప్పుడు ఆర్కైవ్.ఆర్గ్‌లో దొరుకుతున్నవి, ప్రెస్ అకాడమీ దాచిపెట్టిన 'భారతి', 'ఆంధ్రపత్రిక', 'గోలకొండ పత్రిక' పాత సంచికలు. తెలుగు సాహిత్యం మీద నిజమైన ఆసక్తి ఉన్నవాళ్ల చిట్టాలో ఈ కుప్పే పెద్దది. ఇవి అచ్చంగా ఫోటోలే. పసుపెక్కిన కాగితం, వంకరపోయిన పేజీ, చెరిగిన సిరా, అన్నీ తెర మీదకు వస్తాయి.

మీ దగ్గరున్న ఫైలు ఏ కుప్పలోదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. కంప్యూటర్లో తెరిచి, ఒక వాక్యాన్ని ఎంచుకుని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగే వస్తే అది యూనికోడ్, దానికి భవిష్యత్తు ఉంది. అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తే పాత ఫాంటు పిడిఎఫ్. అసలు ఎంచుకోవడమే కుదరకపోతే స్కాన్.

స్కేలు తీసుకోండి

చిట్టాలో మొదటి కుప్పే ఎక్కువగా ఉంటే మీకు ఆరేడు అంగుళాల రీడరు చక్కగా సరిపోతుంది. రెండు, మూడు కుప్పలు ఎక్కువైతే, ఇక మీ నిర్ణయం చేయాల్సింది ప్రకటన కాదు, స్కేలు.

తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమ్మీలో ఒకటికి ఎనిమిదో వంతు సైజులో వస్తాయి. వెడల్పు అయిదున్నర అంగుళాలు, ఎత్తు ఎనిమిదిన్నర. పాత నవలలు, జేబు సంపుటాలు క్రౌన్ సైజులో ఇంకాస్త చిన్నగా ఉంటాయి. ఆరంగుళాల రీడరు అంటే మూల నుంచి మూలకు ఆరంగుళాలు. అసలు తెర వెడల్పు 3.6, ఎత్తు 4.8 అంగుళాలే. ఎనిమిదిన్నర అంగుళాల డెమ్మీ పేజీని 4.8లో ఇరికిస్తే అక్షరం అసలు సైజులో సగానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. నాన్నగారికి కనబడిన చీమల బారు అదే.

మార్జిన్లు కత్తిరిస్తే కొంత నయం. డెమ్మీ పేజీలో అచ్చు ఉన్న భాగం సుమారు నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఏడంగుళాల ఎత్తు ఉంటుంది. ఆ భాగాన్ని మాత్రమే ఆరంగుళాల తెర మీద పెడితే అక్షరం డెబ్బై శాతం దగ్గరకు వస్తుంది. 7.8 అంగుళాల రీడర్లో దాదాపు తొంభై శాతం. 10.3 అంగుళాల తెరలో అసలు పుస్తకం కంటే పదిహేడు శాతం పెద్దదవుతుంది. కళ్లు పాతబడిన మనిషికి ఆ ఒక్క లెక్క చాలు.

చిన్న రీడరు ఇప్పటికే కొనేసి ఉంటే నిరాశపడకండి. దాన్ని అడ్డంగా తిప్పండి. అప్పుడు 4.8 అంగుళాలు వెడల్పవుతుంది, నాలుగుంపావు అంగుళాల అచ్చు అందులో అసలు సైజు కన్నా కొంచెం పెద్దగానే కూర్చుంటుంది. ఒక్కో పేజీని రెండు మూడు ముక్కలుగా చదవాల్సి వస్తుంది. రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఏడంగుళాల తెర అయితే అడ్డంగా చదవడం ఇంకా సుఖం. ఈ ఉపాయం నాకు ముందే తెలిసి ఉంటే ఆ రీడరు అన్నాళ్లు బీరువాలో ఉండేది కాదు.

ఈ-పబ్ చదివేవాళ్లకు కూడా తెలుగు విషయంలో ఒక మాట చెప్పాలి. మన మాటలు పొడుగు. 'చెప్పుకోవలసివచ్చినప్పుడల్లా' అన్నది ఇంగ్లీషులో నాలుగైదు మాటలు, మనకు ఒక్కటే. చిన్న తెర మీద అక్షరం పెంచేసరికి వరసకు మూడు మాటలు పట్టి, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి. పైగా ఒత్తులు కిందికి, గుడులూ ఎత్వాలూ పైకి పోవడంతో ఇంగ్లీషుకు చాలిన అక్షరం సైజు తెలుగుకు చాలదు. కాబట్టి ఎక్కువగా తెలుగే చదివేవాళ్లు ఏడంగుళాలకు తగ్గవద్దనేది నా గట్టి అభిప్రాయం. అలాగే అంగుళానికి 300 చుక్కలున్న తెరే తీసుకోండి. 167 చుక్కల పాత తెరల్లో ఇంగ్లీషు బాగానే కనిపిస్తుంది, మన ఒత్తులు మాత్రం అలుక్కుపోతాయి.

ఒత్తు పరీక్ష

2016 డిసెంబరులో అమెజాన్ తన కిండిల్ కొట్లో అయిదు భారతీయ భాషల పుస్తకాల విభాగం మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ అయిదింటిలో తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకు అక్కడ చోటు దక్కకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కొనేవాడిగా దీని నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. డబ్బా మీద 'భారతీయ భాషలు' అని రాసి ఉంటే అందులో తెలుగు ఉందని అనుకోవద్దు. ఉన్నా సరిగా కనబడుతుందని అనుకోవద్దు. స్వయంగా చూసి నమ్మండి.

ఎలా చూడాలంటే, ఒక ఫైలులో ఈ మాటలు టైపు చేసుకోండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, సంస్కృతం, ఉచ్ఛ్వాసం, కర్తృత్వం, ద్రాక్ష. దాన్ని ఈ-పబ్‌గా మార్చి, మీరు కొనాలనుకుంటున్న మోడల్ ఇప్పటికే వాడుతున్న స్నేహితుడికి పంపి, తెర ఫోటో పంపమని అడగండి. ఒత్తులు తమ తమ స్థానాల్లో కూర్చుంటే సరే. 'స్త్రీ' బదులు 'స్‌త్‌రీ' అని పొల్లులు విడివిడిగా కనబడితే, ఆ యంత్రానికి మన లిపి కూర్చడం రాదు. ఫాంటు మార్చినా ఆ లోపం పోదు, ఎందుకంటే లోపం అక్షరాలను కలిపే సాఫ్ట్‌వేర్‌ది. డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనబడితే మాత్రం అది ఫాంటు లేకపోవడం. దానికి మందుంది. సిలికానాంధ్ర చొరవతో విడుదలైన మండలి, సురన్న, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కిండిల్, కోబో రీడర్లు రెండింటిలోనూ సొంత ఫాంటు పెట్టుకునే వీలుంది. చదవడానికి నేను మండలి వాడతాను. సన్నగా, నిటారుగా ఉండి ఎక్కువసేపు చదివినా అలసట తెలియదు.

ఈ పరీక్షలో ఆండ్రాయిడ్ మీద నడిచే రీడర్లు, అంటే చైనా కంపెనీ తయారుచేసే బూక్స్ లాంటివి, సులువుగా గట్టెక్కుతాయి. మీ ఫోనులో తెలుగు ఎలా కనబడుతుందో వాటిలోనూ అలాగే కనబడుతుంది. నచ్చిన యాప్ వేసుకోవచ్చు, ప్రతిలిపి కథలు చదవొచ్చు, 'ఈమాట' లాంటి వెబ్ పత్రికలు తెరవొచ్చు. బదులుగా అవి త్వరగా ఛార్జింగ్ తింటాయి, సెట్టింగులు ఎక్కువ, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. కంప్యూటరంటే చిరాకుపడే పెద్దవాళ్లకు ఇచ్చేటట్లయితే మొదటి నెలరోజులూ మీరు పక్కన ఉండాలి. ఉండలేకపోతే ఇవ్వకండి.

సిరా తెర ఎందుకు?

ఇంతకీ ఫోనుండగా ఇది ఎందుకు? న్యాయమైన ప్రశ్నే.

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జరిగిన పరిశోధన నుంచి 1997లో రీడర్ల సిరా తెరలు తయారుచేసే 'ఈ-ఇంక్' అనే కంపెనీ పుట్టింది. తెర లోపల వెంట్రుక మందంలో ఉండే బుడగలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఒక్కో బుడగలో ఒక ఆవేశం ఉన్న తెల్లటి రేణువులు, దానికి వ్యతిరేక ఆవేశం ఉన్న నల్లటి రేణువులు తేలుతుంటాయి. విద్యుత్తు ఇచ్చిన తీరును బట్టి తెల్లవో నల్లవో పైకి వస్తాయి. ఒకసారి వచ్చాక కరెంటు తీసేసినా కదలవు. పేజీ తిప్పినప్పుడే ఖర్చు, చదువుతున్నంతసేపూ ఖర్చు లేదు. కాగితం లాగే ఇదీ బయటి వెలుగుతోనే కనబడుతుంది. మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండలో ఫోను తెర వెలవెలబోతే, ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. చీకట్లో చదవడానికి అంచుల్లో చిన్న దీపాలుంటాయి. వాటి వెలుగు తెర మీద పడుతుంది, ఫోనులోలాగా వెనకనుంచి కళ్లలోకి పొడవదు. రాత్రిపూట చదివే అలవాటుంటే ఆ వెలుగును పసుపు ఛాయకు మార్చుకునే మోడల్ తీసుకోండి. సోనీ 2004లో జపాన్‌లో అమ్మిన లిబ్రియే ఈ తెరతో వచ్చిన మొదటి రీడరు. 2007 నవంబరులో కిండిల్ వచ్చాకే ప్రపంచం దీన్ని పట్టించుకుంది.

నా అనుభవంలో అసలు లాభం కళ్లకంటే మనసుకే ఎక్కువ. ఫోనులో చదువుతుంటే పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు తలుపు తడతారు. రీడర్లో ఎవరూ రారు. ఒక్క బిగిన నలభై పేజీలు చదివే అలవాటు నాకు తిరిగొచ్చింది దానివల్లే.

కానీ అందరికీ ఇది అక్కర్లేదు. మీ చిట్టాలో రంగుల బొమ్మలున్న పిల్లల పుస్తకాలు, లెక్కల పాఠాలు, పోటీ పరీక్షల మెటీరియల్ ఉంటే సిరా తెర మీకు నెమ్మదిగా అనిపిస్తుంది. పేజీలు ముందుకూ వెనక్కూ చకచకా తిప్పడానికి, వీడియోలు చూడడానికి మామూలు ట్యాబ్లెట్ మేలు. రంగుల సిరా తెరలు వచ్చిన మాట నిజమే. కెలైడో 3 తెరలో నలుపు తెలుపుకు 300 చుక్కలున్నా రంగుకు 150 చుక్కలే ఉంటాయి, పైన రంగుల పొర ఉండడంతో తెల్లదనం కొంచెం మందగిస్తుంది. 'చందమామ' బొమ్మలు చూసి మురిసిపోవాలంటే నేనైతే ట్యాబ్లెట్‌లోనే చూస్తాను. చూపు బాగా తగ్గినవాళ్లకు అక్షరాలు పెంచే అవస్థ కంటే, యూనికోడ్ పుస్తకాన్ని ఫోనుచేత తెలుగులో చదివించుకోవడం లేదా దాసుభాషితం లాంటి శ్రవణ పుస్తకాలు వినడం మంచి దారి. ఆ సంగతి వాళ్లకు చెప్పడానికి మొహమాటపడకండి.

ఏడాదికి రెండు మూడు పుస్తకాలు చదివేవాళ్లు కాగితం పుస్తకాలే కొనుక్కోండి. పరికరం చదివే అలవాటును పెంచుతుంది గాని పుట్టించదు.

తాళం ఎవరి చేతిలో

కిండిల్ కొంటే మీరు ఒక పరికరాన్నే కాదు, ఒక కొట్టును కూడా ఎంచుకుంటున్నట్టు. అక్కడ కొన్న చాలా పుస్తకాలకు డిజిటల్ తాళం ఉంటుంది, దాని చెవి కంపెనీ దగ్గర ఉంటుంది. 2009 జూలైలో, హక్కులు లేని అమ్మకందారు పెట్టిన కాపీలని చెప్పి, అమెజాన్ జార్జి ఆర్వెల్ పుస్తకాలు రెండింటిని కొన్నవాళ్ల కిండిళ్లలోంచి చెరిపేసింది. డబ్బు తిరిగిచ్చింది, తరువాత క్షమాపణ కూడా చెప్పింది. చెరిపేసిన వాటిలో ఒకటి '1984', పాత రాతలను ప్రభుత్వం చెరిపేసి మార్చేసే లోకం గురించిన నవల. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల కొట్టు మూసేసినప్పుడు కొన్నవాళ్లకు డబ్బు తిరిగొచ్చింది గాని పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. 2025 ఫిబ్రవరిలో అమెజాన్, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని వైరుతో ఎక్కించుకునే పద్ధతిని తీసేసింది.

అంటే కిండిల్ కొనవద్దనా? కాదు. ఇంగ్లీషు పుస్తకాల ఎంపికలో, వాడుక సులువులో దానికి సాటి కొట్టు మరొకటి మన దేశంలో నాకు కనబడలేదు. కానీ మీరెంతో విలువైనవిగా భావించే పుస్తకాలు ఒకే కంపెనీ తాళం కింద ఉండకూడదు. తాళంలేని ఈ-పబ్ దొరికితే దాన్నే కొనండి. కొన్నదాన్ని కంప్యూటర్లో ఒకచోట, విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. కొన్ని చోట్ల అడోబీ తాళం వేసిన ఈ-పబ్‌లు అమ్ముతారు. అవి కోబోలో తెరుచుకుంటాయి, కిండిల్‌లో తెరుచుకోవు. తాళంలేని మామూలు ఈ-పబ్‌నైతే 2022 నుంచి ఈమెయిలు ద్వారా కిండిల్‌కూ పంపుకోవచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. మీ ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్ ద్వారా ఇంగ్లీషు పుస్తకాలు ఉచితంగా అరువు తెచ్చుకుని కిండిల్‌లో చదువుకోవచ్చు. ఈ సౌకర్యం అమెరికాకే పరిమితం. కోబోలో అయితే లైబ్రరీ సేవ లోపలే అమర్చి ఉంటుంది, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో కూడా పనిచేస్తుంది. సెలవులకు ఇండియా వస్తూ అమ్మానాన్నలకు అక్కడినుంచి రీడరు తెచ్చేవాళ్లు, చెడిపోతే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకుని కొనండి.

వాట్సాప్‌లో చేతులు మారే కొత్త తెలుగు పుస్తకాల పిడిఎఫ్‌ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బతికున్న రచయిత పుస్తకాన్ని అలా పంచితే, ఆ రచయిత తరువాతి పుస్తకం అచ్చు కాకపోవచ్చు. తెలుగులో రచయితలు చాలాసార్లు సొంత డబ్బుతోనే అచ్చు వేయించుకుంటారు. దయచేసి కొని చదవండి.

మిగతావి

బరువు చేతికి తెలుస్తుంది. ఆరంగుళాల కిండిల్ 158 గ్రాములు, పదంగుళాల కిండిల్ స్క్రైబ్ 433 గ్రాములు. పడుకుని చదివేవాళ్లకు చిన్నదే దిక్కు. పెద్దది కొంటే ఒళ్లో దిండు మీదో, వ్యాసపీఠం మీదో పెట్టుకోవాలి. మన ఇళ్లలో భాగవతం చదువుకున్న పద్ధతే. కీళ్లనొప్పులున్నవాళ్లకు పేజీ తిప్పే బొత్తాలున్న మోడల్ వెతకండి, తెర మీద వేలు జరపడం వాళ్లకు శ్రమ.

"ఆరు వారాల బ్యాటరీ" అన్న మాట రోజుకు అరగంట చదువు మీద కట్టిన లెక్క. ఆరు వారాలు అంటే మొత్తం ఇరవై ఒక్క గంటలు. రోజుకు మూడు గంటలు చదివేవారికి అది వారం రోజులే. అదీ తక్కువేం కాదు. మెమరీ సంగతికొస్తే, ఈ-పబ్‌లు సాధారణంగా ఒకటి రెండు ఎంబీలు మించవు గాని, స్కాన్ పుస్తకాలు ఒక్కొక్కటి యాభై, వంద ఎంబీలుంటాయి. 16 జీబీ చాలు. నీళ్లు పడినా తట్టుకునే మోడల్ వంటింట్లో చదువుకునేవాళ్లకు పనికొస్తుంది.

పుస్తకాలు ఎక్కించడానికి, ఫార్మాట్లు మార్చడానికి కేలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. కోవిద్ గోయల్ అనే భారతీయుడు 2006లో, తన సోనీ రీడరు తన కంప్యూటర్‌తో పనిచేయకపోవడంతో రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. స్కాన్ పేజీల మార్జిన్లు కత్తిరించడానికి కోబోలోనూ ఆండ్రాయిడ్ రీడర్లలోనూ కోరీడర్ అనే ఉచిత యాప్ వేసుకోవచ్చు. వెలిసిపోయిన అక్షరాలను నల్లబరిచే సదుపాయం కూడా అందులో ఉంది. పాత 'భారతి' సంచికలు చదివేవాళ్లకు ఆ ఒక్కటే ఎంతో మేలు.

డబ్బు విషయంలో, పదంగుళాల రీడరు ఆరంగుళాలదానికి రెండు మూడు రెట్లు ఖరీదు. అంత పెట్టేముందు తెలిసినవాళ్ల దగ్గర ఒక వారం అరువు తీసుకోండి. మీ చిట్టాలోని స్కాన్ పుస్తకం ఒకటి అందులో వేసుకుని కనీసం వంద పేజీలు చదవండి. వంద పేజీల తరువాత కూడా చేయి మళ్లీ దానికోసం వెళ్తుంటే కొనండి.

నాన్నగారికి తరువాత 10.3 అంగుళాలది తెచ్చాం. ఈసారి ముందుగా ఆయనచేతే చిట్టా రాయించాను. ఇరవై పేర్లలో పదహారు స్కాన్లే. మార్జిన్లు కత్తిరించి, అక్షరాలు నల్లబరిచి, మొదట ఒకే ఒక్క పుస్తకం ఎక్కించి ఇచ్చాను. ఇప్పుడు రోజూ ఉదయం కాఫీ అయ్యాక రెండు గంటలు చదువుతున్నారు. మీరూ రేపు దుకాణానికి వెళ్లాలనుకుంటే, ఈ రాత్రి ఆ ఇరవై పేర్లు రాసి, జేబులో ఒక స్కేలు పెట్టుకుని వెళ్లండి.